ఊరంతా చూసింది, పంతులుగారు రాశారు



ఈ నెల జీవిత కథ మీకు బాగా తెలిసినాయనదే. కందుకూరి వీరేశలింగం పంతులు. హైదరాబాద్ వెళ్ళినప్పుడు ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహాన్ని మీరు చూసే ఉంటారు. మీ పిల్లల పుస్తకాల్లో ఆయన మీద ఒక పాఠమో, పాఠంలో ఒక పేరానో ఉంటుంది. వితంతు వివాహాలు జరిపించారు, ఆడపిల్లలకు బడి పెట్టారు, రాజశేఖర చరిత్ర రాశారు. ఈ మూడు ముక్కలు రాస్తే మార్కులు పడతాయి. పిల్లలు పేజీ తిప్పేస్తారు, మనమూ ఒకప్పుడు అలాగే తిప్పేశాం.

ఈసారి మాత్రం ఆయన కథను ఇంకో వైపు నుంచి చదవమని మిమ్మల్ని కోరుతున్నాం. పిల్లల మీద జరుగుతున్న హింసను ఊరంతా చూస్తూ కూడా అది హింస అని గుర్తించని రోజుల్లో, దాన్ని గుర్తించి నలుగురి ముందూ పెట్టిన మనిషిగా ఆయనను చూడండి. అలా చూస్తే ఆయన మీ ఇంటికీ, మీ వాడకీ, మీ పిల్లలు ఎక్కే వ్యానుకీ చాలా దగ్గరివాడిగా కనిపిస్తారు.

ఆయన 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో పుట్టారు. నాలుగేళ్ళకే తండ్రి సుబ్బారాయుడు పోయారు. తల్లి పున్నమ్మ, పెదనాన్న వెంకటరత్నం పెంచారు. చిన్నప్పటి నుంచీ ఉబ్బసంతో బాధపడే బక్కపలచని పిల్లవాడు. పదమూడేళ్ళకే పెళ్ళి చేశారు. పెళ్ళికూతురు బాపమ్మ ఇంకా ఆటలాడుకునే పిల్ల. అత్తవారింట ఆమెకు రాజ్యలక్ష్మి అని పేరు పెట్టారు. ఇందులో అప్పట్లో ఎవరికీ వింత కనిపించలేదు. బాల్య వివాహాలను జీవితాంతం ఎదిరించిన మనిషి తానూ ఒక బాల వరుడే, అదీ ఆ కాలం. తప్పు ఎక్కడో దూరాన ఉన్న చెడ్డవాళ్ళ ఇంట్లో జరగలేదు. మర్యాదస్తుల ఇళ్ళల్లో, మేళతాళాలతో, బంధువులంతా కూర్చుని భోంచేస్తుండగా జరిగింది.

చదువయ్యాక ఆయన బడిపంతులు అయ్యారు. కోరంగిలో, తర్వాత ధవళేశ్వరంలో, ఆ తర్వాత రాజమండ్రిలో పని చేశారు.  1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల కోసం బడి పెట్టారు. అదే ఏడాది వివేకవర్ధని అనే పత్రిక మొదలుపెట్టారు. మొదట్లో మద్రాసులో అచ్చు వేయించేవారు, కొన్నాళ్ళకు సొంత ముద్రణాలయం పెట్టుకున్నారు. ఆ రోజులకు మన కాగజ్‌నగర్ ఇంకా లేదు, పేపర్ మిల్లు రావడానికి మరో అరవై ఏళ్ళు పట్టింది. కాగితం పేరుతోనే వెలసిన ఊరి వాళ్ళం కాబట్టి, పంతులుగారు కాగితంతో ఏం చేశారో మనకు తెలిసి ఉండటం బాగుంటుంది.

ఆయన చేసింది ఒక రకంగా చాలా చిన్న పని. అందరికీ తెలిసినదాన్ని కాగితం మీద పెట్టారు. కోర్టుల్లో లంచాలు, అధికారుల అక్రమాలు, పలుకుబడి ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో దేవదాసీల మేజువాణీలు, పసిపిల్లల పెళ్ళిళ్ళు... అరుగుల మీద గుసగుసలుగా తిరిగే మాటలు అచ్చులోకి వచ్చాయి. గుసగుసకు ఎవరూ జవాబుదారీ కారు. అచ్చయిన మాటకు తేదీ ఉంటుంది, కింద రాసినవాడి పూచీ ఉంటుంది. ఆయన మీద కోపం రావడానికి కారణం కూడా అదే. ఆయన చెప్పింది అబద్ధమని అనలేక, ఎందుకు బయటపెట్టావని కోప్పడినవాళ్ళే ఎక్కువ.

1876లో బ్రాహ్మవివాహం అనే ప్రహసనం రాశారు. ముసలాయనకు పసిపిల్లనిచ్చి కట్టబెట్టే వ్యవహారం మీద రాసిన హాస్యం అది. నవ్విస్తూనే చదివేవాడి చేత తల దించుకునేలా చేస్తుంది. అది ఊహించి అల్లిన కథ కాదని తెలియాలంటే గురజాడ అప్పారావు కన్యాశుల్కానికి రాసుకున్న ముందుమాటలోని లెక్క ఒకటి చూడాలి. విజయనగరం మహారాజు ఆనంద గజపతి, విశాఖపట్నం జిల్లాలో డబ్బు పుచ్చుకుని చేసిన బ్రాహ్మణ పెళ్ళిళ్ళ జాబితా తయారు చేయించారు. మూడేళ్ళలో 1034 పెళ్ళిళ్ళు లెక్కకు వచ్చాయి. వాటిలో 99 మంది పెళ్ళికూతుళ్ళకు ఐదేళ్ళు. 44 మందికి నాలుగేళ్ళు. 36 మందికి మూడేళ్ళు. ఆరుగురికి రెండేళ్ళు. ముగ్గురికి ఏడాది.

మీ పాప ఎల్‌కేజీలో ఉంటే ఆ అంకెలను ఇంకోసారి చదవండి.

ఆ పిల్లల్లో చాలామందికి మొగుడు పోయేనాటికి పెళ్ళంటే ఏమిటో కూడా తెలియదు. అక్కడి నుంచి జుట్టు తీయించడం, ముతక గుడ్డ, ఒంటిపూట భోజనం, ఇంటెడు చాకిరీ, శుభకార్యాలకు ఎదురు రాకూడదన్న ఆంక్ష. ఆ ఇంట్లోని మగవాళ్ళ చేతిలో ఆ పిల్ల పడే కష్టాన్ని పట్టించుకునేవాళ్ళు లేరు. గర్భం వస్తే మాత్రం తప్పంతా ఆమె మీదికే వచ్చేది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. నేటి కాలంలో పిల్లల మీద హింసకు ఆనవాళ్ళు దాగి ఉంటాయి, వెతకాల్సి వస్తుంది. ఆ రోజుల్లో గుర్తులు అందరి కళ్ళ ముందే ఉన్నాయి. బోడి తలతో నూతి దగ్గర నీళ్ళు తోడే పదేళ్ళ పిల్లను ఊరంతా చూసింది. చూసి ఆచారం అనుకుంది.

పంతులుగారు అలా అనుకోలేదు. 1879 ఆగస్టు 3న రాజమండ్రిలో వితంతు వివాహాల మీద మొదటి ఉపన్యాసం ఇచ్చారు. ఊరు అట్టుడికింది. పండితులు శాస్త్రాలు పట్టుకుని వచ్చారు. ఆయన కూడా శాస్త్రాలే పట్టుకుని అక్టోబరు 12న రెండో ఉపన్యాసంలో వాళ్ళకు జవాబు చెప్పారు. వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని చట్టం అప్పటికే ఉంది. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పట్టుదలతో 1856లోనే వచ్చింది. అయినా ఇరవై అయిదేళ్ళ పాటు తెలుగునాట ఆ చట్టం ఉన్నా లేనట్టే ఉంది. చట్టం పుస్తకంలో ఉన్నంత మాత్రాన పిల్లకు ఒరిగేది లేదు. ఎవరో ఒకరు వెళ్ళి తలుపు తట్టాలి. ఈ మాట మనకూ పనికొస్తుంది, కాసేపట్లో మళ్ళీ చెప్తాం.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో పంతులుగారి ఇంట్లోనే మొదటి వితంతు వివాహం జరిగింది. వరుడు గోగులపాటి శ్రీరాములు, వయసు ఇరవై రెండు. వధువు గౌరమ్మ, వయసు పన్నెండు. ఏర్పాట్లన్నీ గుట్టుగా సాగాయి. పెళ్ళి జరిగిన రోజు పోలీసుల కాపలా ఉంది. పంతులుగారి దగ్గర చదువుకునే విద్యార్థులు ఇంటి చుట్టూ నిలబడ్డారు. బసవరాజు గవర్రాజు లాంటి కొద్దిమంది మిత్రులు వెన్నంటి ఉన్నారు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బు సాయం చేశారు. నాలుగు రోజులకే రెండో పెళ్ళి కూడా జరిపించారు.

వధువు వయసు పన్నెండు అని చదివి మీరు ఆగి ఉంటారు, ఆగాల్సిందే. ఇవాళ అలాంటి పెళ్ళి గురించి తెలిస్తే మనం ఆపించాలి, జరిపించినవాళ్ళ మీద కేసు పెట్టించాలి. పంతులుగారు ఆ పిల్లను ఒక నరకం నుంచి తప్పించగలిగారు. ఆమెకు బాల్యాన్ని తిరిగి ఇవ్వడం మాత్రం ఆయనకూ చేత కాలేదు, ఆ కాలానికీ తోచలేదు. మహనీయుల కథల్లో ఇలాంటి చోట్లు దాటవేయడం మన అలవాటు. ఈ ఒక్కటీ దాటవేయకుండా పిల్లలకు చెప్పండి. తాతల కాలంలో మామూలు అనుకున్నది ఇవాళ నేరమైంది, ఇవాళ మనం మామూలు అనుకుంటున్నవాటిలో ఏవి రేపు నేరాలవుతాయోనని వాళ్ళే అడుగుతారు. బెల్టుతో కొట్టడం, మార్కులు తగ్గాయని అన్నం పెట్టకపోవడం, గదిలో పెట్టి గడియ వేయడం అనే సంగతులు ఆ మాటల్లో వస్తే ఉలిక్కిపడకండి. వాటిలో చాలావరకు ఇప్పటికే నేరాలు. బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యా హక్కు చట్టం నిషేధించింది. ఇది మా బడికీ వర్తిస్తుంది.

పెళ్ళి అయ్యాక అసలు కష్టం మొదలైంది. పంతులుగారినీ, ఆ పెళ్ళిళ్ళకు వచ్చినవాళ్ళనీ వెలి వేశారు. శంకరాచార్యుల పీఠం నుంచి బహిష్కార పత్రం వచ్చింది. వంటవాళ్ళు రావడం మానేశారు, నీళ్ళు మోసేవాళ్ళు రాలేదు. అప్పుడు రాజ్యలక్ష్మమ్మ గోదావరికి వెళ్ళి బిందెలతో నీళ్ళు తెచ్చింది. ఇంటికి వచ్చిన పిల్లలకు తనే వండి పెట్టింది. పుట్టింటివాళ్ళూ చుట్టాలూ మొగుణ్ణి వదిలి వచ్చేయమని ఒత్తిడి పెట్టినా కదలలేదు. పాఠ్యపుస్తకం ఆమెకు ఒక వాక్యం ఇస్తుంది. మా దృష్టిలో ఆమెకు సగం పుస్తకం రావాలి. ఆడపిల్లను ఒక ఇంటి నుంచి బయటికి తేవడం ఒక రాత్రి పని. ఆ తర్వాత ఆ పిల్ల ఎక్కడ పడుకోవాలి, ఏం తినాలి, ఎవరితో మాట్లాడాలి, రాత్రిపూట ఏడిస్తే పక్కన ఎవరు కూర్చోవాలి, ఇదంతా ఏళ్ళ తరబడి పని. ఆ పని ఆమె చేసింది.

పంతులుగారికి ఇంకో తలనొప్పి కూడా ఎదురైంది. ఆయన చేయించిన పెళ్ళిళ్ళలో కొందరు వరులు సంస్కరణ మీద మక్కువతో రాలేదు, ఆయన ఇచ్చే సాయం కోసం వచ్చారు. కొన్ని జంటలు ఏళ్ళ తరబడి ఆయన మీదే ఆధారపడ్డాయి, కొందరు సతాయించారు కూడా. అవన్నీ ఆయన తన స్వీయ చరిత్రలో దాచకుండా రాసుకున్నారు. అయినా ఆపలేదు. మొత్తం మీద ఆయన చేయించిన పెళ్ళిళ్ళు నలభై దాకా ఉంటాయంటారు. ఒంటరిగా మిగిలిన ఆడపిల్లల కోసం శరణాలయం నడిపారు. 1883లో ఆడవాళ్ళు చదువుకోవడానికి సతీహితబోధిని అనే పత్రిక పెట్టారు.

ఆ రోజుల్లోనే కలకత్తాలో ఫూల్‌మణి అనే పదీ పదకొండేళ్ళ పిల్ల భర్త చేతిలో గాయపడి చనిపోయింది. అది 1889. అతనికి పడింది ఏడాది శిక్ష మాత్రమే, ఎందుకంటే అప్పటి చట్టం పదేళ్ళు దాటిన భార్య విషయంలో అత్యాచారం అనే మాటనే ఒప్పుకోలేదు. దేశమంతా గొడవ జరిగాక 1891లో ఆ వయసును పది నుంచి పన్నెండుకు పెంచారు. ఆ రెండేళ్ళ పెంపు కోసం ఎంత గొడవ జరిగిందో! ఇంటి గడప లోపలి విషయంలో సర్కారు తల దూర్చకూడదని పెద్దపెద్దవాళ్ళే వాదించారు. ఆ వాదన ఇప్పటికీ చావలేదు. మా ఇంటి సంగతి, మా పిల్ల, మా పరువు అనే మాటల్లో అది రోజూ వినిపిస్తూనే ఉంటుంది.

దేవదాసీ ఆచారాన్ని కూడా పంతులుగారు గట్టిగా ఎదిరించారు. ఈ ముక్క మన ప్రాంతానికి చాలా దగ్గరిది. ఇటు నిజామాబాద్, కరీంనగర్ వైపు జోగిని పేరుతో చిన్నపిల్లల్ని దేవతకు వదిలేసి, తర్వాత ఊరి పెత్తందార్ల పాలు చేసిన ఆచారం ఉండేది. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ దాని మీద పోరాడారు. ఆ తర్వాత నిజామాబాద్ జిల్లాలో హేమలతా లవణం జోగినుల మధ్యే ఏళ్ళ తరబడి పని చేశారు. దాన్ని నిషేధిస్తూ చట్టం 1988లో వచ్చింది. అంటే ఈ కాగితం చదువుతున్న మీలో చాలామంది పుట్టాక.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన మాట. ఇవాళ మన చేతిలో పంతులుగారికి లేని చట్టాలు ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది 2012 నాటి పోక్సో చట్టం. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల మీద, ఆడపిల్లైనా మగపిల్లాడైనా, జరిగే లైంగిక నేరాలన్నీ దీని కిందికి వస్తాయి. మగపిల్లాడైనా అన్న మాటను మరోసారి చదవండి. 2007లో కేంద్ర ప్రభుత్వం 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో చేయించిన అధ్యయనంలో సగానికి పైగా, అంటే 53.22 శాతం మంది, ఏదో ఒక రకమైన లైంగిక వేధింపును ఎదుర్కొన్నామని చెప్పారు. వాళ్ళలో మగపిల్లల సంఖ్య ఆడపిల్లల కంటే తక్కువ కాదు. వేధించినవాళ్ళలో దాదాపు సగం మంది ఆ పిల్లలకు బాగా తెలిసినవాళ్ళు, పిల్లలు నమ్మినవాళ్ళు. మన భయం మాత్రం ఎప్పుడూ రోడ్డు మీది కొత్త మనిషి మీదే ఉంటుంది.

పంతులుగారి కాలంలోలా గుర్తులు ఇప్పుడు నెత్తి మీద కనిపించవు. పిల్లల తీరులో వచ్చే మార్పులో ఉంటాయి. నిన్నటి దాకా మామయ్య వస్తే ఎదురెళ్ళిన పిల్ల ఇవాళ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది. ట్యూషన్ టైముకి రోజూ కడుపునొప్పి వస్తుంది, డాక్టరు ఏమీ లేదంటాడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవుతుంది. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా విప్పనంటాడు. కూర్చోవడానికి ఇబ్బంది పడతాడు. వయసుకు మించిన మాటలు బొమ్మల ఆటలో బయటపడతాయి. మీరు కొనివ్వని చాక్లెట్లు, రీచార్జ్, ఫోను ఎక్కడివని అడిగితే జవాబు రాదు. వీటిలో ఏ ఒక్కటీ దానంతట అది రుజువు కాదు. పరీక్షల భయంతోనూ కడుపునొప్పి వస్తుంది. కానీ మార్పు హఠాత్తుగా వస్తే, ఒకటికి ఇంకోటి తోడైతే, ఒక మనిషి పేరో చోటో వచ్చినప్పుడల్లా కనిపిస్తే, కూర్చుని ఆలోచించండి. 2022లో హైదరాబాద్‌లోని ఒక బడిలో నాలుగేళ్ళ పాప మీద జరిగిన ఘోరం పాప తీరులో మార్పును ఇంట్లోవాళ్ళు గమనించబట్టే బయటపడింది. నేరం చేసిన డ్రైవరుకు 2023 ఏప్రిల్‌లో కోర్టు ఇరవై ఏళ్ళ జైలు వేసింది.

పాపో బాబో మీతో చెప్పినప్పుడు ఏం చేయాలో కూడా అనుకుందాం, ఎందుకంటే ఆ క్షణంలో బుర్ర పని చేయదు. అరవకండి. అప్పుడే ఎందుకు చెప్పలేదని అడగకండి. నువ్వు చెప్పి మంచి పని చేశావని చెప్పండి, తప్పు నీది కాదని చెప్పండి. అమ్మ ఒకసారి, నాన్న ఒకసారి, నాయనమ్మ ఒకసారి అడిగి మళ్ళీ మళ్ళీ చెప్పించకండి. వాడు ఇలా చేశాడా అని మీరే మాటలు అందించకండి. పిల్ల వాడిన మాటలనే, పిల్ల భాషలోనే, తేదీ వేసి ఒక కాగితం మీద రాసుకోండి. జరిగి ఎక్కువసేపు కాకపోతే స్నానం చేయించకుండా, బట్టలు ఉతకకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటుదైనా ఉచితంగా వెంటనే చికిత్స చేయాలి, పోలీసు కాగితం తెమ్మని తిప్పి పంపడానికి వీల్లేదు. అనుమానం ఉన్న మనిషి ఇంటి మీదికి కొట్లాటకు వెళ్ళకండి. అలా వెళ్తే అతను సాక్ష్యం చెరిపేసుకుంటాడు, బెదిరింపులకు దిగుతాడు, ఆ బెదిరింపులు మళ్ళీ పిల్ల మీదికే వస్తాయి.

ఎవరికి చెప్పాలి? 1098. పిల్లల హెల్ప్‌లైన్, ఇరవై నాలుగు గంటలూ పని చేస్తుంది, డబ్బు పడదు. లేదా 112. లేదా మీకు దగ్గరలోని పోలీస్ స్టేషన్. ఘటన వేరే ఊళ్ళో జరిగినా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. మీ పిల్ల విషయమే కానక్కర్లేదు. పక్కింటి పిల్ల, పనిమనిషి కూతురు, వ్యానులో పక్క సీటు బాబు, ఎవరైనా సరే. నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని భయం కలిగినా చెప్పడం పోక్సో చట్టం ప్రకారం ప్రతి ఒక్కరి బాధ్యత. నేరం జరిగిందని తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ ఉంటాయి. రుజువు చేయడం మీ పని కాదు, అది పోలీసుల పని. మంచి మనసుతో ఇచ్చిన సమాచారం తర్వాత తప్పని తేలినా మీ మీద కేసు ఉండదు. కావాలని కక్షతో పెట్టిన తప్పుడు ఫిర్యాదుకే శిక్ష.

మా గురించి కూడా ఒక మాట. అనుమానం మా సిబ్బంది మీదే అయితే, ముందు ప్రిన్సిపాల్‌తో మాట్లాడి చూద్దాం అని ఆగకండి. నేరుగా 1098కి చేయండి, తర్వాత మాకు చెప్పండి. తన కింద పని చేసేవాళ్ళ నేరాన్ని దాచిన సంస్థ బాధ్యుడికి ఏడాది వరకు జైలు ఉంది. బడి పేరు పోతుందని మిమ్మల్ని ఆగమనే అధికారం ఎవరికీ లేదు.

పిల్లను స్టేషన్‌కు తిప్పుతారనే భయం చాలామందిని ఆపుతుంది. చట్టం అలా రాయలేదు. పిల్ల వాంగ్మూలాన్ని పిల్ల ఇంట్లోనో, పిల్ల కోరిన చోటో తీసుకోవాలి. వీలైనంత వరకు మహిళా అధికారి, అదీ యూనిఫాం లేకుండా రావాలి. పిల్లను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. ఆడపిల్లకు వైద్య పరీక్ష చేసేది మహిళా డాక్టరే. పేరు, ఫోటో, బడి, ఇల్లు ఏదీ పేపర్లలో, టీవీల్లో రాకూడదు. మీ వాట్సాప్ గ్రూపుల్లో కూడా పెట్టకండి. జాలితోనే పెట్టినా, ఆ పిల్ల జీవితమంతా మోయాల్సింది ఆ ఫార్వర్డే.

పంతులుగారి కాలపు నేరం కూడా మన చుట్టూ పూర్తిగా పోలేదు. టెన్త్ అవ్వగానే, కొన్నిసార్లు అంతకంటే ముందే, అమ్మాయికి సంబంధం కుదిరిందని వింటుంటాం. పద్దెనిమిది నిండని అమ్మాయి పెళ్ళి 2006 చట్టం ప్రకారం నేరం. జరిపించినవాళ్ళకూ, పాల్గొన్నవాళ్ళకూ రెండేళ్ళ వరకు జైలు, లక్ష వరకు జరిమానా పడవచ్చు. పెళ్ళయింది కదా అన్న సాకు కూడా ఇప్పుడు చెల్లదు. పద్దెనిమిది లోపు భార్య విషయంలో భర్తకున్న మినహాయింపును 2017 అక్టోబరు 11న సుప్రీంకోర్టు కొట్టేసింది. పత్రిక చేతికొచ్చినప్పుడే 1098కి ఫోన్ చేస్తే పెళ్ళి ఆగుతుంది. అక్షింతలు వేసి వచ్చాక బాధపడితే ఆగదు.

పంతులుగారి చివరి రోజులు అంత సుఖంగా గడవలేదు. ప్రభుత్వం 1893లో రావు బహదూర్ బిరుదు ఇచ్చింది, దక్షిణాది విద్యాసాగరుడని పేరు వచ్చింది. కానీ 1910లో రాజ్యలక్ష్మమ్మ పోయింది. పిల్లలు లేరు. తన ఆస్తినీ, పుస్తకాల మీద వచ్చే ఆదాయాన్నీ రాజమండ్రిలో తాను పెట్టిన హితకారిణి సమాజానికి రాసిచ్చారు. ఆ డబ్బుతోనే అక్కడ బడి, శరణాలయం నడిచాయి. 1919 మే 27న మద్రాసులో, కొమర్రాజు లక్ష్మణరావు గారి ఇంట్లో కన్నుమూశారు. ఆడపిల్ల పెళ్ళి వయసు పద్నాలుగు ఉండాలన్న శారదా చట్టం అప్పటికి ఇంకా రాలేదు. 1929లో చేశారు, మరుసటి ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆయన ఇంట్లో మొదటి పీటల మీద కూర్చున్న గౌరమ్మకు ఆ లెక్కన ఇంకా రెండేళ్ళు తక్కువ.